క్యారమ్స్‌కి గుణింతం

1851లో లండన్‌లో ఆండర్సెన్, కీసెరిట్స్కీ అని ఇద్దరు చదరంగం మొనగాళ్లు ఊరికే సరదాకి ఒక ఆట ఆడారు. అది టోర్నమెంటు ఆట కూడా కాదు. ఆ ఆటని నేను ఇవాళ మా ఇంట్లో బల్ల మీద మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా పొల్లుపోకుండా ఆడి చూసుకోగలను. 1989లో మా బాబాయి గుంటూరు జిల్లాలో ఆడిన ఒక క్యారమ్స్ ఫైనల్ చివరి బోర్డు మాత్రం చూసుకోలేను. బాబాయి తెనాలిలో ఉన్నాడు. ఆ రోజు బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లలో నలుగురైదుగురు ఇంకా ఉన్నారు. స్కోరు షీటు కూడా బీరువాలో భద్రంగా ఉంది. ఆట మాత్రం లేదు.

నా గోలంతా దీని గురించే. క్యారమ్స్ ఆడని తెలుగిల్లు ఉంటుందా? వేసవి సెలవులు, బోరిక్ పౌడరు, పైన వేలాడే బల్బు, పక్కన కూర్చుని ఉచిత సలహాలిచ్చే మావయ్య. 1988లోనే అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య పుట్టింది. చెన్నైకి చెందిన మరియా ఇరుదయం రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 1996లో అర్జున అవార్డు అందుకున్నాడు. మన హైదరాబాదు అమ్మాయి అపూర్వ కూడా ప్రపంచ ఛాంపియనే. ఇంత ఉన్న ఆటకి, ఒక ఆట ఎలా జరిగిందో కాగితం మీద రాసుకునే పద్ధతి మాత్రం మన చేతుల్లో లేదు. స్కోరు రాస్తాం. స్లామ్ కొడితే, అంటే ఒకే చెయ్యిలో మొత్తం ఊడ్చేస్తే, అది గొప్పగా రాస్తాం. ఎత్తులు రాయం.

స్కోరు రాస్తే చాలదా అంటారా? బాబాయి షీటే చూడండి. మూడో గేమ్, ఎనిమిదో బోర్డు, ఎదుటివాడికి 5 పాయింట్లు. దాంతో అతను 20 నుంచి 25కి వెళ్లి గెలిచాడు, బాబాయి 18 దగ్గర ఆగిపోయాడు. ఈ 5 అంటే ఏంటి? బాబాయి కాయిన్లు అయిదు మిగిలిపోయి ఉండొచ్చు. లేదా రెండే మిగిలి, ఎదుటివాడు రెడ్ కూడా వేసుకుని ఉండొచ్చు (రెడ్‌కి 3 కదా). మొదటిదైతే చిత్తుగా ఓడినట్టు, రెండోదైతే వెంట్రుక వాసిలో పోయినట్టు. అంకె ఒకటే.

జరిగింది రెండోదే. అక్కడ గొడవేమీ లేదు. గొడవంతా ఒక్క నల్ల కాయిన్ దగ్గర.

బాబాయికి రెండు నల్లవి మిగిలాయి, ఎదుటివాడికి రెండు తెల్లవి, రెడ్ ఇంకా బోర్డు మీదే ఉంది. రెడ్ ఎదుటివాడి గీత వెనకాల పడి ఉంది. అంటే బాబాయికి సులువు, అతనికి కష్టం. బాబాయి నల్లవాటిలో ఒకటి తెల్లదానికి అతుక్కుని ఎందుకూ పనికిరాకుండా ఉంది. రెండోది ఎక్కడుంది? చూసినవాళ్లు 'పాకెట్ మూతి మీదే ఉందయ్యా, ఊదితే పడేది. రెడ్ వేసి దాన్ని ఫాలో వేసుకుంటే అయిపోయేది, చేతులొణికి రెడ్ వదిలేశాడు' అంటారు. బాబాయేమో అది అంచుకి అంటుకుపోయి ఉందంటాడు. రెడ్ వేశాక ఫాలో తప్పితే రెడ్ తిరిగి నడిమధ్యకి వస్తుంది, ఎదుటివాడికి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. అందుకని ముందు ఆ నల్లదాన్ని అంచు నుంచి మెల్లగా మూతి మీదకి జరిపి, తర్వాతి చెయ్యికి ఫాలో సిద్ధం చేసుకున్నాడట. ఎదుటివాడు అసాధ్యమైన రీబౌండ్‌తో ఆ రెడ్ లాగేసి, ఫాలో వేసి, మిగిలింది కూడా వేసేశాడు.

ఒకరి లెక్కలో పిరికితనం, ఇంకొకరి లెక్కలో మంచి ఎత్తు. తేడా ఒక కాయిన్ నాలుగు వేళ్లు ఇటా అటా అన్నది. ముప్పై అయిదేళ్ల పైగా పెళ్లిళ్లలో, కర్మల భోజనాల్లో ఎవడో ఒకడు 'ఏం శాస్త్రీ, ఆ రోజు రెడ్ వేసుంటే' అని మొదలుపెడతాడు. బాబాయి నవ్వేసి లేచి వెళ్లిపోతాడు. పిన్నికి మాత్రం ఒళ్లు మండిపోతుంది.

రెండేళ్ల కిందట బాబాయికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది. మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు, బోర్డు మంచం పక్కన వేయించి, 'ఆ రోజు ఎలా ఉందో పెట్టి చూపించు బాబాయ్, ఫోటో తీసి పెట్టుకుంటా' అన్నాను. ఎడంచేత్తో ఒక్కో కాయిన్ జరిపి పెట్టాడు. మర్నాడు ఇంకోసారి పెట్టమన్నాను, ఆ మర్నాడు మళ్లీ. మూడు ఫోటోలూ పక్కపక్కన పెడితే ఆ నల్ల కాయిన్ మూడు చోట్ల ఉంది. ఒకదాంట్లో అంచుకి తాకుతూ, ఒకదాంట్లో వేలెడు ఎడంగా, మూడోదాంట్లో దాదాపు మూతి దగ్గర. నేను చూపించకుండా ఉండాల్సింది. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. 'సరే, నువ్వు కంప్యూటర్లోడివి కదా, దీన్ని రాయాలంటే ఎలా రాస్తావురా?' అన్నాడు.

అలా మొదలైంది.

ఆఫీసులో చెబితే మావాళ్లంతా ఒకటే మాట. 'పైన కెమెరా పెట్టు, బొమ్మలోంచి కాయిన్లు గుర్తుపట్టే కోడు వారాంతంలో అయిపోతుంది'. నిజమే, అవుతుంది. 19 కాయిన్లు, ఒక్కోదానికి రెండు అంకెలు, సెకనుకి 30 బొమ్మలు. లెక్క వేస్తే సెకనుకి 1140 అంకెలు. వాటిలో 'రెడ్ ఎందుకు వదిలేశాడు' అన్నది ఎక్కడుంటుంది? వీడియోలు ఇప్పుడు బోలెడున్నాయి, ప్రపంచ పోటీల ఫైనళ్లు కూడా చూడొచ్చు. చూడ్డం బాగానే ఉంటుంది. కానీ 'రెడ్ మీద రీబౌండ్ ఆడి ఫాలో తప్పిన బోర్డులన్నీ చూపించు' అంటే వీడియో చూపించలేదు. చదరంగం వాళ్లు 1993లో ఆటల్ని మామూలు అక్షరాల ఫైలుగా రాసుకునే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. ఆ తర్వాత లక్షల ఆటలు వెతుక్కునే వీలు దానివల్లే వచ్చింది.

చదరంగానికి 64 గళ్లు కాబట్టి సరిపోయింది, క్యారమ్స్‌లో కాయిన్ ఎక్కడైనా ఉండొచ్చు కదా అనేది అసలైన అభ్యంతరం. దీని మీద నేనూ చాలా రోజులు కొట్టుకున్నాను. బోర్డు లోపల 74 సెంటీమీటర్లు, కాయిన్ మూడు సెంటీమీటర్ల పైచిలుకు. కాబట్టి వరసకి 24 గళ్లు, మొత్తం 576 అని ఒక గళ్ల కాగితం తయారుచేశాను. మా అమ్మాయికి పదమూడేళ్లు, క్యారమ్స్ పిచ్చి. దాన్ని కూర్చోబెట్టి ఒక్క బోర్డు రాయించాను. ఒక్క చెయ్యి రాసేసరికి ఇరవై నిమిషాలయింది. 'నాన్నా, నేను హోంవర్క్ చేసుకుంటా' అంది. తనంతట తాను హోంవర్క్ అడగడం అదే మొదలు :)

పైగా అంత రాసినా లాభం లేదు. గళ్లోపల కాయిన్ అర సెంటీమీటరు జరిగితే కట్ తప్పుతుంది. పౌడరు ఎక్కువైతే మారిపోతుంది, వానాకాలం బోర్డు వేరు, ఎండాకాలం బోర్డు వేరు. కాగితం చూసి అదే షాట్ మళ్లీ పుట్టించడం జరిగే పని కాదు. మరి అలాంటప్పుడు ఎందుకు రాయడం?

ఇక్కడ నాకు దారి చూపించింది చదరంగం కాదు, సంగీతం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చువేయించారు, తెలుగు లిపిలో. స్వరాక్షరాల మీద గమకాలకి గుర్తులు పెట్టారు. కంపితానికొకటి, జారుకొకటి. గొంతు సాగే తీరు ఎంత అఖండంగా ఉంటుందో మీకు తెలుసు, దాన్ని ఏ గుర్తూ పూర్తిగా పట్టుకోలేదు. ఆ పుస్తకం చూసి సంగీతం రానివాడు పాడలేడు. వచ్చినవాడికి మాత్రం, ఇక్కడ ఊపాలి, ఇక్కడ జారాలి అని తెలుస్తుంది. అంతే కావాల్సింది. ఆట రానివాడి కోసం, యంత్రం కోసం రాయాలనుకున్నన్నాళ్లూ నేను గళ్లు లెక్కపెడుతూ ఉన్నాను. ఆడేవాడి కోసం రాస్తే ఆటగాడు ఏం చూస్తాడో అది రాస్తే చాలు.

ఆటగాడు ఏం చూస్తాడు? ఇది బాబాయిని అడిగాను. ఆయన సెంటీమీటర్లు చూడడు. 'మూతి మీదుంది, అంచుకుంది, గీత మీదుంది, నడుమ రింగులో ఉంది, ఊరికే మైదానంలో ఉంది' ఇంతే. బోర్డుని నాలుగు పాకెట్ల కింద నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఈ చోట్లు చెబితే ఎక్కడున్నదీ తెలిసిపోతుంది. అంచైతే ఏ రెండు పాకెట్ల మధ్య అంచో చెప్పాలి. రెండో పాకెట్ మూతి మీద నల్లది అంటే న2మూ. ఒకటికీ రెండుకీ మధ్య అంచుకి ఉంటే న12అం. ఇది కూడా ప్రతి షాటుకీ రాయక్కర్లేదు. చెయ్యి మారినప్పుడు, అంటే ఎదుటివాడి వంతు వచ్చినప్పుడు ఒక్కసారి రాస్తే చాలు. మా అమ్మాయి ఇప్పుడు రెండు నిమిషాల్లో రాసేస్తుంది.

పాకెట్లకి అంకెలు ఎలా వెయ్యాలన్న దాని మీద నాకూ బాబాయికీ వారం రోజులు యుద్ధం. ఆయన 'నా కుడిచేతి వైపుది' అంటాడు. ఆటగాడికి చెయ్యే దిక్కు. నేనేమో వద్దంటాను. చదరంగంలో ఇంగ్లీషు వాళ్లు చాలాకాలం ఇలాగే ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెట్టుకున్నారు, ఒక్కో గడికి రెండేసి పేర్లు. ప్రతి గడికీ ఒకటే పేరుండాలని అలెప్పో నుంచి వచ్చిన స్టామా అనే ఆయన 1737లోనే పుస్తకం వేసి చూపించినా, ప్రపంచ చదరంగ సమాఖ్య ఆ ఒక్క పద్ధతినే గుర్తిస్తానని అన్నది 1981లో. మనకెందుకు ఆ రెండు వందల ఏళ్ల ఆలస్యం? చివరికి రాజీ కుదిరింది. బ్రేక్ చేసేవాడి ఎడంచేతి పక్క పాకెట్ 1, కుడిచేతి పక్కది 2, అక్కణ్ణించి అలాగే తిరిగొస్తూ 3, 4. ఎదురుగా కూర్చున్నవాడు తన ఎడంచేతి పాకెట్ నుంచి లెక్కపెట్టుకున్నా ఎప్పుడూ రెండే తేడా. తనకి ఒకటి అయితే కాగితం మీద మూడు. నోటితో ఎలా చెప్పుకున్నా ఫరవాలేదు, కాగితం మీద ఒకటే.

ఇక షాట్లు. ఇక్కడ మాత్రం నాకు నేనే శెభాష్ అనుకున్నాను, గొప్పలు చెబుతున్నానని అనుకోకండి. కాయిన్ రంగుకి ఒక హల్లు. షాట్ రకానికి గుణింతం. తలకట్టు అయితే తిన్నగా కొట్టింది. గుడి అయితే కట్. కొమ్ము అయితే రీబౌండ్, స్ట్రైకర్ అవతలి అంచుకి కొట్టుకుని వెనక్కొచ్చి తగిలింది. ఎత్వం అయితే కాయినే అంచుకి కొట్టుకుని పాకెట్లో పడింది. ఒత్వం అయితే ఒక కాయిన్‌తో ఇంకో కాయిన్‌ని వేశాం. హ్రస్వం అయితే మెల్లగా, దీర్ఘం అయితే గట్టిగా. ఒక్క అక్షరంలో రంగు, రకం, జోరు మూడూ వచ్చేశాయి. పక్కన పాకెట్ అంకె. ని3 అంటే నల్లదాన్ని మెల్లగా కట్ చేసి మూడో పాకెట్లో వేశారు. మనకి ఒకటో తరగతిలో దిద్దించిన గుణింతం ఇన్నేళ్లకి పనికొచ్చింది.

బగ్గులు లేకుండా ఏ కోడూ పుట్టదు కదా. ఎర్రదానికి 'ఎ' అని పెట్టాను, అచ్చుకి గుణింతం ఎక్కడ నుంచి వస్తుంది? రెడ్, రాణి ఏదైనా సరే అని 'ర' చేశాను. తెల్లదానికి 'త' పెట్టాను. మా అమ్మాయి ఫోన్లో గట్టి రీబౌండ్ చదువుతూ 'తూ రెండు, తూ మూడు' అంటుంటే పిన్ని అవతల నుంచి 'ఎవర్నే ఉమ్ముతున్నావు' అని కేకేసింది. మల్లెపువ్వు అనుకుని 'మ' పెడదామంటే ఫోన్లో మ-కీ న-కీ తేడా వినపడదు. ఆఖరికి పాలు అనుకుని 'ప' ఖాయం చేశాం. 'పో మూడు' అన్నా ఎవరికీ కోపం రాలేదు.

అన్నిటికన్నా పెద్ద బగ్గు తప్పిన షాట్ దగ్గర వచ్చింది. తప్పితే పొల్లు పెడదామనుకున్నాను, న్ అని. పేరుకి పేరు కలిసొచ్చిందని మురిసిపోయాను కూడా. కానీ పొల్లు పెడితే గుణింతం పోతుంది, ఏ రకం షాట్ తప్పిందో తెలీదు. బాబాయి వెంటనే పట్టుకున్నాడు. 'పడినవి రాసి ఏం చేస్తావురా? తప్పినవే కదా రాసుకోవాల్సింది' అన్నాడు. నిజంగానే, బోర్డు అయ్యాక పడ్డవి ఎవడైనా లెక్కపెట్టగలడు. తప్పిన వాటి ఆనవాలే మిగలదు. పొల్లు తీసేసి సున్నా పెట్టాం. నిం3 అంటే కట్ ప్రయత్నించాడు, పడలేదు. స్ట్రైకర్ కూడా పడి ఫౌల్ అయితే విసర్గ, నిః3. ఫౌల్‌కి వేసిన కాయిన్ ఒకటి వెనక్కి పెట్టాలి కాబట్టి తర్వాతి లెక్కలో అది కనపడుతుంది. రెడ్ ఫాలో తప్పితే వెనక్కి రావడానికి గుర్తేమీ పెట్టలేదు. రూలులోంచి రాబట్టుకోగలిగేది మళ్లీ రాయక్కర్లేదు.

ఇంకొక్కటుంది, కావాలని వెయ్యకపోవడం. అడ్డు పెట్టడం, కాయిన్ జరిపి సిద్ధం చేసుకోవడం. ఇది చూసేవాడికి తప్పిన షాట్‌లాగే ఉంటుంది. బాబాయి ఓడిన బోర్డు గొడవంతా ఇదే. దీనికి సున్నా పక్కన చిన్న అడ్డగీత పెట్టాం. గీత పెట్టే హక్కు ఆడినవాడికే, స్కోరరుకి కాదు. అబద్ధమాడితే? తప్పిన ప్రతిదానికీ 'కావాలనే' అని గీత పెట్టేసుకోవచ్చు కదా అని మా టీములో ఒకడు అడిగాడు. పెట్టుకోనివ్వండి. పక్కన పొజిషన్ రాసి ఉంటుంది. చదివేవాడికి క్యారమ్స్ వచ్చు.

ఇప్పుడు నేననేది ఏంటంటే, దీనికి యాప్ అక్కర్లేదు. 'యాప్ చేసెయ్, డబ్బులొస్తాయి' అని రోజూ ఎవడో ఒకడు. ముందు పెన్సిలుతో రాయడం అలవాటు కావాలి. జిల్లా పోటీలు నడిపేవాళ్లు కనీసం ఫైనల్లో చివరి బోర్డుకైనా ఒక కుర్రాణ్ణి కాగితంతో కూర్చోబెట్టొచ్చు. నా గుణింతమే వాడాలని పట్టుదలేమీ లేదు, ఇంకెవరైనా మెరుగైంది చేస్తే నాది చించేస్తాను. క్రికెట్‌లో మన ఊరి మ్యాచ్‌కి కూడా చెట్టుకింద ఒకడు చుక్కలు పెడుతూ కూర్చుంటాడు. వాడికున్న విలువ క్యారమ్స్ బల్ల పక్కన ఎందుకుండకూడదు?

1989 బోర్డుకి ఇదంతా ఏమీ చెయ్యలేదు. న12అం, లేదా న2మూ. ఆ రోజు ఎవడైనా ఈ రెంటిలో ఒకటి సిగరెట్ పెట్టె మీద గీకి ఉంటే సరిపోయేది. బాబాయి ఆ మూడు ఫోటోలూ తీసెయ్యమన్నాడు, తీసేశాను.

ఆదివారాలు మాత్రం ఆట నడుస్తోంది. ఇక్కడ హైదరాబాదులో మా అమ్మాయి ఆడుతుంది, రాసుకున్న కాగితం ఫోన్లో చదువుతుంది. అక్కడ తెనాలిలో పిన్ని మంచం పక్కన బోర్డు మీద కాయిన్లు పేరుస్తుంది, బాబాయి చూస్తాడు. మొన్న ఆదివారం నిం2 అని చదివి, తర్వాతి పొజిషన్ చెప్పింది. పిన్ని పేర్చడం అయ్యాక అవతల కాసేపు చప్పుడు లేదు.

'తల్లీ, నల్లవి ఇందాక మూడే కదా, ఇప్పుడు నాలుగొచ్చాయేంటి? అక్కడ ఒక సున్నానా, రెండు సున్నాలా?' అన్నాడు బాబాయి.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

'రెండు, తాతయ్యా' అంది.